ఒకే ఆస్పత్రి, ఒకే మందు, రెండు రకాల కనికరం

2021 మే నెల గుర్తుందా? కొవిడ్ రెండో అల తగ్గుముఖం పడుతోందని ఊపిరి పీల్చుకునేలోపే బ్లాక్ ఫంగస్ వచ్చిపడింది. ముక్కు పక్కన నొప్పి, కంటి కింద వాపు, చూపు మసకబారడం, కొందరికి కన్నే తీసేయాల్సి రావడం. 'ఆంఫోటెరిసిన్ బి' అనే పేరు నోరు తిరగని మనమే ఆ ఇంజక్షన్ ఎక్కడ దొరుకుతుందో చెప్పండంటూ సంఘం వాట్సాప్ గ్రూపుల్లో రాత్రంతా మెసేజీలు పెట్టాం. బెంగళూరులో ప్రభుత్వం శివాజీనగర్‌లోని బౌరింగ్ ఆస్పత్రిని ఆ జబ్బుకు చికిత్సా కేంద్రంగా కేటాయించింది. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి ఆ పని చేసింది. ఆంధ్రప్రదేశ్ ఆ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. జూన్ 12న జీఎస్‌టీ కౌన్సిల్ ఆ మందు మీద పన్ను మొత్తం ఎత్తేసింది. మన సంఘాల్లో ఉపవాస ప్రార్థనలు జరిగాయి. ఆ మందు సంపాదించి పెట్టినవారిని దేవుడు పంపిన మనుషులుగా చూశాం.

ఆ రోజుల్లో "ఇది ఎవరి పాపం?" అని మాత్రం ఎవరూ అడగలేదు. షుగర్ అదుపులో లేనివారికి, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవారికి ఆ జబ్బు ఎక్కువగా వస్తోందని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. అయినా "షుగర్ ఉండి స్వీట్లు ఎందుకు తిన్నావు?" అని మంచం పక్కన నిలబడి ఎవరూ నిలదీయలేదు. పాస్టరుగారు అలాంటి ప్రసంగమేదీ చేయలేదు. అడగకపోవడమే మంచిది. అది క్రైస్తవ కనికరం.

ఇప్పుడు అదే బౌరింగ్ ఆస్పత్రిలో ఇంకో వరుస చూద్దాం. 2004 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం హెచ్ఐవికి ఉచిత మందులు, అంటే ఏఆర్‌టీ, కొన్ని ప్రభుత్వ ఆస్పత్రుల్లో మొదలుపెట్టింది. ఆ తొలి కేంద్రాల్లో బౌరింగ్ ఒకటి. అక్కడ వరుసలో నిలబడేవారిలో తెలుగువారూ ఉంటారు, విశ్వాసులూ ఉంటారు. తమ సంఘం వాళ్లెవరైనా చూస్తారేమోనని ముఖానికి కొంగు, కర్చీఫ్ అడ్డం పెట్టుకుంటారు. వారిలో ఒకరికి మెదడు పొరల్లోకి ఫంగస్ చేరితే డాక్టరు ఇచ్చేది అదే ఆంఫోటెరిసిన్ బి. కానీ ఆ మనిషి కోసం వాట్సాప్‌లో మెసేజ్ రాదు, ఉపవాస ప్రార్థన జరగదు. ఒకవేళ విషయం బయటపడితే ముందు వచ్చేది గుసగుస.

ఆస్పత్రి ఒకటే, మందు ఒకటే. కనికరం మాత్రం రెండు రకాలు. ఈ తేడా వల్ల మనుషులు చనిపోతున్నారని, అందులో మన సంఘాల వాటా ఉందని నేను అంటున్నాను. నొప్పిగా ఉన్నా ఈ మాట వినండి.

అవకాశం కోసం కాచుకునే జబ్బులు

బ్లాక్ ఫంగస్‌కూ, హెచ్ఐవి ఉన్నవారిని చంపే చాలా జబ్బులకూ వైద్యులు పెట్టిన ఇంటిపేరు ఒకటే: అవకాశవాద ఇన్ఫెక్షన్లు. వాటిని కలిగించే క్రిములు మన చుట్టూనే ఉంటాయి. గాలిలో, మట్టిలో, నోటిలో, ఊపిరితిత్తుల్లో. రోగనిరోధక శక్తి బాగున్నంతకాలం చాలావరకు నోరు మూసుకుని పడుంటాయి. కాపలా బలహీనపడగానే లేస్తాయి. కాపలా బలహీనపడేది హెచ్ఐవి వల్లే కాదు. క్యాన్సర్‌కు కీమో తీసుకునేవారు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు, ఎక్కువ రోజులు స్టెరాయిడ్లు వాడేవారు, షుగర్ అదుపు తప్పినవారు అందరూ ఈ ప్రమాదంలో ఉంటారు.

అసలు ఎయిడ్స్ అనే జబ్బు లోకానికి తెలిసింది కూడా ఇలాంటి ఇన్ఫెక్షన్ ద్వారానే. 1981 జూన్‌లో లాస్ ఏంజెలిస్‌లో ఐదుగురు యువకులకు న్యుమోసిస్టిస్ అనే అరుదైన న్యుమోనియా వచ్చిందని అమెరికా ఆరోగ్య శాఖ బులెటిన్‌లో చిన్న నివేదిక వచ్చింది. వైరస్ పేరు ఇంకా ఎవరికీ తెలియదు. మన దేశంలో 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్ బృందం తొలి హెచ్ఐవి కేసులు గుర్తించింది. బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు 1989 నుంచి 1996 వరకు తాము చూసిన హెచ్ఐవి రోగుల నరాల జబ్బుల మీద 2000లో ఒక వ్యాసం ప్రచురించారు. అందులో ముందు వరుసలో ఉన్నవి క్రిప్టోకాకల్ మెనింజైటిస్, టీబీ మెనింజైటిస్, టాక్సోప్లాస్మోసిస్. మూడూ అవకాశవాద జబ్బులే. వైరస్ తలుపు తీసింది, ఇవి లోపలికి వచ్చాయి.

క్రిప్టోకాకస్ అనే ఫంగస్ పావురాల రెట్టలో, మట్టిలో ఉంటుంది. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో పావురాలు లేని బాల్కనీ ఉందా? అంటే అది మనందరి ముక్కులోకీ వెళ్తూనే ఉంటుంది. మనకు ఏమీ కాదు. నిరోధక శక్తిని కొలిచే సిడి4 కణాల సంఖ్య ఆరోగ్యవంతుల్లో సాధారణంగా 500 పైన ఉంటుంది. అది 200 కంటే తగ్గితే న్యుమోసిస్టిస్ న్యుమోనియా, 100 కంటే తగ్గితే క్రిప్టోకాకస్, టాక్సోప్లాస్మా, 50 కంటే తగ్గితే కంటి రెటీనాను తినేసే సిఎమ్‌వి కాచుకుని ఉంటాయి. టీబీకి ఈ లెక్కలు కూడా అక్కర్లేదు, ఏ దశలోనైనా వస్తుంది. హెచ్ఐవి ఉన్నవారిని ఎక్కువగా చంపేది ఇప్పటికీ టీబీయే.

ఒక్కరోజులో వచ్చే చావు కాదు

పైన చెప్పిన జబ్బుల్లో చాలావాటికి ముందే అడ్డుకట్ట వేయవచ్చు, లేదా మొదట్లోనే పట్టుకోవచ్చు. చాలా చవకైన కోట్రైమాక్సజోల్ మాత్ర రోజూ వేసుకుంటే న్యుమోసిస్టిస్, టాక్సోప్లాస్మా చాలావరకు దగ్గరికి రావు. టీబీ రాకుండా ముందుగా వేసుకునే మందులున్నాయి. క్రిప్టోకాకస్ అయితే తలనొప్పి మొదలవడానికి వారాల ముందే రక్తంలో కనబడుతుంది. దాన్ని పట్టే పరీక్షకు ఒక చిన్న పట్టీ చాలు. అప్పుడు పట్టుకుంటే, ఇంకా మెదడుకు చేరకపోతే, ఫ్లూకొనజోల్ మాత్రలతో ఆపవచ్చు. అదే మెదడుకు చేరిందంటే తలనొప్పి, వాంతులు, చూపు తగ్గడం, మనిషి తేడాగా మాట్లాడటం, నడుములో సూదితో నీరు తీయడం, ఆంఫోటెరిసిన్, ఐసీయూ.

2017లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ముదిరిన హెచ్ఐవితో వచ్చేవారికి ఈ పరీక్షలు, ముందుజాగ్రత్త మందులు ఒక కట్టగా ఇవ్వాలని చెప్పింది. ఆఫ్రికాలోని ఐదు దేశాల్లో జరిగిన ఒక పెద్ద ప్రయోగం ఫలితాలు చూసి 2022లో ఇంకో మాట చెప్పింది. లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ ఒక్క పెద్ద డోసు, దానితో రెండు వారాలు రెండు రకాల మాత్రలు ఇస్తే క్రిప్టోకాకల్ మెనింజైటిస్‌ను ఎదుర్కోవచ్చని.

అన్నిటికంటే ముందు ఏఆర్‌టీ ఉంది. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర, ఉచితం. మానకుండా వేసుకుంటే వైరస్ అణిగిపోతుంది, సిడి4 పెరుగుతుంది, తలుపు మళ్లీ మూసుకుంటుంది. మనిషి పనికి వెళ్తాడు, పిల్లల్ని చదివించుకుంటాడు, ముసలితనం చూస్తాడు.

మరి ఇంకా ఎందుకు చనిపోతున్నారు? ఆలస్యంగా రావడం వల్ల. వచ్చి మందులు మానేయడం వల్ల. ఈ రెండింటికీ ఆదివారం ఉదయం మనం కూర్చునే చోటుకీ సంబంధం ఉంది.

మనం తీసిన తలుపులు

మొదటిది తీర్పు. "పాపఫలం" అనే ఒక్క మాట పుల్పిట్ మీద నుంచి ఎన్నిసార్లు వినిపించిందో లెక్కపెట్టండి. ఆ మాట విన్న యవ్వనస్థుడు నెల రోజులుగా దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, నోటిలో తెల్లపూత ఉన్నా పరీక్షకు వెళ్తాడా? వెళ్లడు. పరీక్షలో తేలేది జబ్బు కాదు, తన పరువు అనుకుంటాడు. "భర్త వల్ల అంటుకున్న అమాయక స్త్రీలను, పిల్లలను మేం కనికరిస్తాం కదా" అంటారు కొందరు. అది కూడా న్యాయస్థానమే, శిక్ష మాత్రం సగమైంది. జబ్బు మనిషిని చూడగానే ఎలా వచ్చిందని విచారించి, ఆ తర్వాత కనికరం కొలిచి పోయడం సువార్త కాదు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు కూడా ఇదే అడిగారు, పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా అని. యేసు ఆ ప్రశ్ననే తోసిపుచ్చాడు. ఆ తర్వాత నేల మీద ఉమ్మివేసి, బురద చేసి, పని మొదలుపెట్టాడు. రెండు వేల ఏళ్ల తర్వాత మనం ఇంకా శిష్యుల ప్రశ్న దగ్గరే ఆగిపోయాం.

రెండోది నోరు. మన సంఘాల్లో గాసిప్‌కు ఒక పరిశుద్ధమైన పేరుంది: ప్రార్థన అంశం. "ఫలానా సహోదరి కోసం ప్రార్థించండి, పేరు చెప్పకూడదు గానీ, వాళ్లాయన లారీ డ్రైవరు..." అంతే, మిగతాది అందరికీ అర్థమైపోతుంది. 2017లో పార్లమెంటు చేసిన హెచ్ఐవి, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. నమ్మకంతో చెప్పిన హెచ్ఐవి సంగతిని ఆ వ్యక్తి అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని దాని 8వ సెక్షన్ నిషేధిస్తుంది. కాపరి దగ్గర ఏడ్చి చెప్పుకున్నది నమ్మకంతో చెప్పింది కాకపోతే ఇంకేది? ప్రార్థన మన హక్కే, కానీ ఇంకొకరి రహస్యం మన సొత్తు కాదు.

మూడోది సాక్ష్యం. అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. "ప్రార్థన చేయించుకున్నాను, మాత్రలు మానేశాను, రిపోర్టులో వైరస్ లేదని వచ్చింది" అనే సాక్ష్యం, వెంటనే చప్పట్లు, హల్లెలూయ, యూట్యూబ్‌లో వీడియో. ఆ రిపోర్టు సంగతి తెలుసుకోవాలి. మందులు సరిగా వేసుకునేవారి వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడలేదని రావడం మామూలే. దానర్థం మందు పని చేస్తోందని, వైరస్ పోయిందని కాదు. అది ఒంట్లో దాక్కునే ఉంటుంది. మాత్ర ఆపితే సాధారణంగా వారాల్లోనే మళ్లీ లేస్తుంది. సిడి4 జారుతుంది. వేదిక ఎక్కిన మనిషి కొన్నాళ్లకు మెనింజైటిస్‌తో ఆస్పత్రిలో చేరినప్పుడు ఆ వీడియో ఎవరూ తీసేయరు. అది చూసి మాత్రలు మానేసిన ఇంకో పదిమంది లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

బెంగళూరుకు ఇది కొత్త కాదు. బౌరింగ్‌లో ఉచిత మందులు మొదలై ఏడాది కూడా తిరక్కుండా, 2005 జనవరిలో, ఇదే నగరంలోని జక్కూరు ఎయిర్‌ఫీల్డ్‌లో అమెరికా నుంచి వచ్చిన ప్రసిద్ధ ప్రసంగీకుడి స్వస్థత సభలు మూడు రోజులు జరిగాయి. జనం పోటెత్తారు, నిరసనలు కూడా పోటెత్తాయి. ఆ సభల మీద తీర్పు చెప్పడానికి ఇది రాయడం లేదు. రెండు వరుసలు పక్కపక్కన పెట్టి చూడమంటున్నాను. స్వస్థత కోసం మైదానానికి బస్సులు కట్టుకుని వెళ్లినవాళ్లం, బౌరింగ్ వరుసలో నిలబడ్డ సహోదరుడి పక్కన నిలబడటానికి ఎన్ని బస్సులు కట్టాం?

"దేవుడు స్వస్థపరచలేడా?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. స్వస్థపరచగలడు. ఆ విశ్వాసంతోనే ఇది రాస్తున్నాను. కానీ మాత్ర వేసుకోవడం అవిశ్వాసమని లేఖనంలో ఎక్కడుంది? హిజ్కియా మరణకరమైన రోగం నుంచి బతుకుతాడని దేవుడు మాట ఇచ్చాక కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టించాడు. పౌలు తిమోతికి కడుపు జబ్బుకు అప్పట్లో తెలిసిన మందే చెప్పాడు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. మంచి సమరయుడు గాయాల మీద ప్రార్థన చేసి వెళ్లిపోలేదు. నూనె, ద్రాక్షారసం పోసి, కట్టు కట్టి, పూటకూళ్ల ఇంటికి తీసుకెళ్లి, రెండు దేనారాలు కట్టి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చి ఇస్తానన్నాడు. హాస్పిటల్ బిల్లు అంటే అదే కదా.

కుష్ఠరోగిని యేసు ముట్టుకుని బాగుచేశాక ఏం చేశాడో చూడండి. వెళ్లి యాజకుడికి చూపించుకోమన్నాడు. ఆ కాలంలో రోగం పోయిందా లేదా అని పరీక్షించి చెప్పే అధికారం యాజకుడిది. అంటే యేసు బాగుచేసినవాణ్ణి కూడా పరీక్షకు పంపాడు. ప్రభువే పరీక్షకు భయపడనప్పుడు మన స్వస్థత సభలు ఎందుకు భయపడాలి? మాత్రలు మానమని చెప్పే నోటికి ఆ మనిషి చచ్చిపోతే బాధ్యత తీసుకునే దమ్ముందా? లేకపోతే అది విశ్వాసం కాదు, ఇంకొకరి ప్రాణంతో ఆడే జూదం. అవకాశం చూసి బలహీనుడి మీద పడేది ఫంగస్ ఒక్కటే కాదు. ఫంగస్‌కు పాపం ఏమీ తెలియదు. మనకు తెలుసు.

సర్కారు తప్పించుకునే మాట

తప్పంతా సంఘం మీద వేసి ప్రభుత్వాన్ని వదిలేయకూడదు. ఇందాక చెప్పిన 2017 చట్టంలోనే 14వ సెక్షన్ ఉంది. హెచ్ఐవి పరీక్షలు, ఏఆర్‌టీ, అవకాశవాద ఇన్ఫెక్షన్ల చికిత్స ప్రభుత్వాలు అందించాలని అందులో రాశారు. బాగానే ఉంది. కానీ పక్కనే "సాధ్యమైనంత మేరకు" అనే అర్థం వచ్చే మాట చేర్చారు. హెచ్ఐవితో జీవించేవారి సంఘాలు చట్టం చేస్తున్నప్పుడే దీన్ని వ్యతిరేకించాయి. ఎవరికి సాధ్యం? ఎంత మేరకు? ఆ మాట పుణ్యమా అని మందు లేకపోతే "సాధ్యం కాలేదు" అనేస్తే సరిపోతుంది. 2022 జూలైలో మందుల కొరత మీద హెచ్ఐవితో జీవిస్తున్నవారే ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యాలయం ముందు బైఠాయించాల్సి వచ్చింది. బ్లాక్ ఫంగస్ అప్పుడు వారాల్లో పన్ను ఎత్తేయగలిగిన వ్యవస్థ ఇది. అవసరం తనదనుకుంటే సాధ్యం కానిది లేదని అదే నిరూపించుకుంది.

ఎవరి కోసం అడుగుతున్నామో కూడా చూడాలి. 2021 జాతీయ అంచనాల ప్రకారం దేశంలో సుమారు 24 లక్షల మంది హెచ్ఐవితో జీవిస్తున్నారు. సంఖ్యలో మహారాష్ట్ర తర్వాత వచ్చేవి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక. అంటే మన ఊరు, మనం బతకడానికి వచ్చిన ఊరు. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో చాలామంది తెలుగు మాట్లాడే దళితులు. అనంతపురం, కర్నూలు, పాలమూరు నుంచి వచ్చి అపార్ట్‌మెంట్లు కట్టేవారు రేకుల షెడ్లలో ఉంటారు. వీరికి ఆస్పత్రి వరుసలో ఒక రోజంటే ఒక రోజు కూలి పోయినట్టు. చీటీ కన్నడలో, డాక్టరు మాట ఇంగ్లీషులో. ఊళ్లో ఉన్న ఏఆర్‌టీ కేంద్రం నుంచి ఇక్కడికి మార్పించుకోవచ్చని చెప్పేవారు ఉండరు. తలనొప్పికి మెడికల్ షాపులో మాత్ర కొనుక్కుని పనికి వెళ్తారు. వారి సిడి4 ఎంతో ఎవరికీ తెలియదు. వారు మన సంఘాల్లో వెనక బెంచీల్లో కూర్చునేవారే.

ఇప్పుడు ఏం చేద్దాం

సంఘం ఏమీ చేయలేదని నేను అనడం లేదు. 1997లో కమిలియన్ ఫాదర్లు సర్జాపుర రోడ్డు దగ్గర స్నేహదాన్ మొదలుపెట్టారు. ఎయిడ్స్ రోగులను ముట్టుకోవడానికే జనం భయపడే కాలంలో వారి మంచాల పక్కన కూర్చున్నారు. చేయగలమని రుజువు మన మధ్యలోనే ఉంది.

కాపరులారా, మీ ప్రతి స్వస్థత ప్రార్థన చివర ఒక్క వాక్యం చేర్చండి: డాక్టరు చెప్పకుండా ఎవరూ మాత్రలు మానవద్దు. మాత్రలు మానేశానని చెప్పే సాక్ష్యానికి మైకు ఇవ్వకండి. ఇప్పటికే ఉన్న వీడియోలు తీసేయండి. బెంగళూరు థియలాజికల్ కాలేజీల్లో ఎందరో తెలుగు సేవకులు చదువుకుంటున్నారు. గ్రీకు, హెబ్రీ నేర్చుకునేవారికి సిడి4 అంటే ఏమిటో, రోగి రహస్యం ఎలా కాపాడాలో నేర్పడం కష్టమా?

పెద్దలారా, కీమో తీసుకునే సహోదరిని చూడటానికి కిద్వాయికి వెళ్లినప్పుడు దగ్గు, జలుబు ఉంటే లోపలికి వెళ్లకండి. పదిమంది మంచం చుట్టూ చేరి తల మీద చేతులు ఉంచేముందు ఆ చేతులు సబ్బుతో కడుక్కోండి. దూరంగా నిలబడి చేసిన ప్రార్థన కూడా దేవుడికి వినబడుతుంది.

యవ్వనస్థులారా, మీకు కన్నడ వచ్చు, ఇంగ్లీషు వచ్చు, ఫోన్‌లో అన్నీ వెతకడం వచ్చు. పక్షవాతం ఉన్న స్నేహితుణ్ణి ఇంటి కప్పు విప్పి యేసు దగ్గరికి దించిన నలుగురి కథ సండేస్కూల్లో నేర్చుకున్నారు కదా. ఆ నలుగురి పని ఇప్పుడు మీది. వారాల తరబడి తగ్గని తలనొప్పి, దగ్గు, జ్వరం, బరువు తగ్గడం కనబడితే ఉపదేశం చేయకండి, తోడు వెళ్లండి. వరుసలో నిలబడండి. చీటీ చదివి చెప్పండి. సిడి4 పరీక్ష జరిగిందా, 200 కంటే తక్కువ ఉంటే క్రిప్టోకాకస్, టీబీ పరీక్షలు చేశారా అని మర్యాదగా అడగండి. లేవంటే ఎందుకు లేవని ఆరోగ్య శాఖకు రాయండి. "సాధ్యమైనంత మేరకు" అనే మాట చట్టం నుంచి తీసేయమని మీ ఎంపీకి రాయండి. ఇది రాజకీయం అంటారు కొందరు. పొరుగువాడి ప్రాణం రాజకీయం అయితే కానివ్వండి.

2021లో మనకు కనికరం ఎలా ఉంటుందో తెలుసని రుజువైంది. పాపం ఎవరిదని అడగకుండా మందు ఎక్కడుందని అడిగాం. రహస్యం బజారుకెక్కించకుండా ఆక్సిజన్ మోసుకెళ్లాం. బౌరింగ్‌లో రెండో వరుసలో ముఖం దాచుకుని నిలబడ్డ మనిషి కొత్తగా ఏమీ అడగడం లేదు. అప్పుడు మనవాళ్లకు చేసిందే తనకూ చేయమంటున్నాడు. తానూ మనవాడేనా కాదా అని చూస్తున్నాడు. వచ్చే ఆదివారం మన సంఘం నోటి నుంచి వచ్చే మొదటి మాటే అతనికి జవాబు.